పాడి ప్రశ్నలు: మండుటెండల్లో ఈనే ఆవు

ప్రశ్న: మా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవుకి ఇది నాలుగో ఈత. మే రెండో వారంలో ఈనుతుంది. ఎండలని పాలిచ్చే ఆవుల దాణాలో తినేసోడా, మినరల్ మిక్చర్, ఉప్పు కలుపుతున్నాం. చూడి ఆవుకీ అదే దాణా పెట్టొచ్చా? బలానికని కాల్షియం కూడా తాగిస్తున్నాం. కిందటి ఈతలో ఈనిన మర్నాడే కూలబడింది, సీసా ఎక్కిస్తే లేచింది.
– పాడి రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: పెట్టొద్దు. పాలిచ్చే ఆవుకి మేలు చేసేదే ఈనబోయే ఆవుకి కీడు చేస్తుంది.

ఎండకి రొప్పే ఆవు నోటి నుంచి చొంగ కారిపోతుంది. పొట్టలోకి వెళ్లి పులుపుని విరవాల్సిన చొంగ నేలపాలైతే పొట్ట పులుస్తుంది, మేత తగ్గుతుంది, పాలల్లో వెన్న పడిపోతుంది. అందుకే పాలిచ్చే ఆవుకి రోజుకు 100 నుంచి 150 గ్రాముల సోడా ఇవ్వమంటాం. కానీ ఈతకు ముందు మూడు వారాల్లో అదే సోడా రక్తాన్ని క్షార గుణం వైపు తిప్పుతుంది. ఆ స్థితిలో ఎముకల నుంచి కాల్షియం బయటికి తెచ్చే హార్మోను సరిగా పనిచేయదు. ఈనగానే జున్నుపాలలోకి కాల్షియం ఒక్కసారిగా దిగిపోతుంది. ఎముకల నుంచి రావలసింది రాదు. ఆవు కూలబడుతుంది. కిందటి ఈతలో మీరు చూసిన పాలజ్వరం ఇదే అయి ఉంటుంది.

మీరు తాగిస్తున్న కాల్షియం కూడా ఆపండి. నెల ముందు నుంచే సీసాలకు సీసాలు పట్టించే అలవాటు మన ఊళ్లలో బాగా ఉంది. పైనుంచి రోజూ అందుతుంటే ఎముకల నుంచి తీసుకునే పని ఒంట్లో మందగిస్తుంది, సరిగ్గా అవసరమైన రోజు అది అందుకోదు. లూసర్న్, అలసంద లాంటి పప్పుజాతి మేతలు కూడా ఈ మూడు వారాలు తగ్గించి మొక్కజొన్న మేత, చొప్ప, వరిగడ్డి మీద నడపండి. ఉప్పు 30 గ్రాములు దాటనివ్వొద్దు, ఎక్కువైతే పొదుగు నీరు పడుతుంది. మామూలు మినరల్ మిక్చర్‌లో కాల్షియం ఎక్కువ కాబట్టి, ఈతకు ముందు వాడేదాన్ని డాక్టరునడిగి తెచ్చుకోండి. రక్తాన్ని ఆమ్లం వైపు తిప్పే లవణాలు కూడా దొరుకుతాయి. అవి చేదు, అసలే ఎండకి తినని ఆవు వాటితో ఇంకా తినడం మానేస్తుంది. మూత్రం పీహెచ్ 6.2–6.8 మధ్య ఉందో లేదో చూసే డాక్టరు ఉంటేనే వాటి జోలికి వెళ్లండి.

దాణా రోజుకు కిలోతో మొదలుపెట్టి, ఈనే నాటికి మెల్లగా 3 కిలోలకు తెండి. తెల్లవారుజామున ఐదింటిలోపు కొంత, రాత్రి ఎనిమిది దాటాక మిగతాది వేయండి. పచ్చిమేతలో మూడింట రెండు వంతులు రాత్రికే ఉంచాలి.

మీ ఆవు ఒకసారి పడింది, పైగా నాలుగో ఈత, కాబట్టి మళ్లీ పడే అవకాశం ఎక్కువే. ఈనిన వెంటనే ఒక కాల్షియం జెల్, 12 గంటలకు ఇంకొకటి పట్టండి. ఆవు నిలబడి ఉండి, మింగగలుగుతున్నప్పుడు మాత్రమే సుమా. పడిపోయి మెడ డొక్క వైపు తిప్పుకున్నదానికి, చెవులు చల్లబడ్డదానికి నోట్లో నీళ్ల చుక్క కూడా పోయొద్దు. మింగలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే డాక్టరుని పిలవండి, లేదా పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేలోగా గడ్డి మూటలు ఆనించి ఆవుని రొమ్ము మీద కూర్చోబెట్టండి. పక్కకి ఒరిగితే కడుపు ఉబ్బుతుంది. మీద నీడ ఉండాలి. నరానికి కాల్షియం ఎక్కించేటప్పుడు తొందరపెట్టకండి, వేగంగా ఎక్కితే గుండె ఆగుతుంది.

ఈనాక సోడా, కాల్షియం మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ప్రశ్న: షెడ్డులో ఫాగర్లు పెట్టించాం. అయినా చూడి ఆవులు రొప్పుతూనే ఉన్నాయి. ఎందుకు?
– పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీది ఉక్కపోత ప్రాంతం. ఫాగర్ గాలిని చల్లబరచాలంటే ఆ తుంపర గాలిలోనే ఆవిరి కావాలి. తేమ నిండిన గాలిలో అది ఆవిరి కాక, మంచులా రోమాల మీద నిలుస్తుంది, చర్మం దాకా దిగదు. షెడ్డులో ఉక్క ఇంకా పెరుగుతుంది. అనంతపురం, మహబూబ్‌నగర్ పొడి ఎండలకి ఫాగర్ పనికొస్తుంది గానీ కోస్తాలో పద్ధతి మార్చాలి.

పెద్ద చుక్కలు పడే స్ప్రింక్లరు గానీ, మామూలు పైపు గానీ తీసుకుని వీపు, పక్కలు చర్మం దాకా తడిసేలా ఒకటి రెండు నిమిషాలు తడపండి. నీళ్లు ఆపి 10–15 నిమిషాలు ఫ్యాను గాలి నేరుగా ఒంటికి తగిలేలా పెట్టండి. ఆరాక మళ్లీ తడపండి. ఒంటి మీది నీరు ఆవిరవుతూ ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. ఫ్యాను లేకుండా నీళ్లు మాత్రం పోస్తే సగం పనే. నీళ్లు పొదుగు మీదికి జారేంత తడపకండి. ఈనే వారంలో చన్ను రంధ్రాలు వదులవుతాయి, తడి నేల మీద పడుకుంటే పొదుగువాపు సులువుగా పట్టుకుంటుంది.

ఎండ దెబ్బ కనిపెట్టడానికి పరికరాలేమీ అక్కర్లేదు. మధ్యాహ్నం మూడింటికి డొక్క కదలికలు ఒక నిమిషం లెక్కపెట్టండి. 60 దాటితే చల్లబరచాలి, 80 దాటితే ఆలస్యం చేయకూడదు.

ఇంకో మాట. ఫ్యాన్లన్నీ పాలిచ్చేవాటికి పెట్టి, వట్టిపోయిన చూడి ఆవుల్ని బయట చెట్టుకి కట్టేస్తుంటారు. పాలు ఆపిన ఆ 60 రోజుల్లోనే పొదుగులో పాత కణాలు పోయి కొత్తవి పెరుగుతాయి. అప్పుడు ఎండ తగిలితే ఆ ఈత పొడుగునా పాలు తగ్గుతాయి, దూడ కూడా తక్కువ బరువుతో పుడుతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధనల్లో వట్టిపోయిన రోజుల్లో చల్లబరచిన ఆవులు, చల్లబరచని వాటికంటే రోజుకు 4–5 లీటర్లు ఎక్కువ ఇచ్చాయి. అక్కడివి భారీగా పాలిచ్చే మందలు, మన దగ్గర అంత తేడా రాకపోవచ్చు. కానీ ఉన్నవి రెండు ఫ్యాన్లే అయితే ఒకటి చూడి ఆవుకి ఇవ్వండి.

ప్రశ్న: ఈని పది గంటలైంది, మాయ పడలేదు. రాయి కట్టమంటున్నారు. ఒళ్లు 103 డిగ్రీలుంది. ఎండకా, జ్వరమా?
– నల్లగొండ జిల్లా

జవాబు: రాయి కట్టకండి. గర్భసంచి చిరగొచ్చు, తిరగబడి బయటికి రావచ్చు. నేలకి రాసుకునే భాగాన్ని శుభ్రమైన కత్తెరతో కత్తిరించి వదిలేయండి. 12 గంటలు దాటినా పడకపోతే డాక్టరుకి చెప్పండి. చెయ్యి పెట్టి లాగేయమని మాత్రం ఒత్తిడి చేయొద్దు, అతుక్కున్న చోట లాగితే లోపల పుండ్లు పడి చీము పడుతుంది. ఎండలకి ఆవులు నాలుగైదు రోజులు ముందే ఈనేస్తుంటాయి, అలాంటప్పుడు మాయ ఆగడం మామూలే.

ఉష్ణోగ్రత మధ్యాహ్నం చూస్తే ఏదీ తేలదు. ఎండకి ఆరోగ్యంగా ఉన్న ఆవు కూడా 103 చూపిస్తుంది. తెల్లవారుజామున ఐదింటికి మలద్వారంలో థర్మామీటరు రెండు నిమిషాలు ఉంచి చూడండి, పక్కనున్న ఆవుకి కూడా చూడండి. రెండూ 101–102కి దిగితే అది ఎండ వేడి. ఈనినదానికి మాత్రమే 103 ఉంటే గర్భసంచిలో చీము ఉన్నట్టు అనుమానించాలి. పల్చగా, ఎర్రటి నీళ్లలా, కుళ్లు వాసనతో స్రావం వస్తే అనుమానం కూడా అక్కర్లేదు, ఆ రోజే వైద్యం మొదలవ్వాలి. చిక్కగా, వాసన లేకుండా ఎర్రగా పడేది రెండు వారాల దాకా మామూలే.

ప్రశ్న: మాయ పడ్డాకే దూడకి పాలు వదలాలంటారు. నిజమేనా?
– కర్నూలు జిల్లా

జవాబు: కాదు. జున్నుపాలలోని రోగనిరోధక పదార్థాల్ని దూడ పేగు మొదటి కొన్ని గంటలే బాగా పీల్చుకుంటుంది, 24 గంటలకల్లా ఆ దారి మూసుకుపోతుంది. 25 కిలోల దూడకి మొదటి రోజు రెండున్నర లీటర్లు కావాలి, అందులో సగాన్ని పుట్టిన గంట, రెండు గంటల్లోపే పట్టండి. పైగా దూడ చీకితే గర్భసంచి ముడుచుకుని మాయ పడటానికే సాయపడుతుంది. బొడ్డుని రెండంగుళాల దూరంలో దారంతో కట్టి, కింద కోసి, టింక్చర్ అయొడిన్‌లో ముంచండి. తల్లికి గోరువెచ్చని నీళ్లు 20–30 లీటర్లు పెట్టండి, గడగడా తాగేస్తుంది.

ప్రశ్న: ఏప్రిల్, మే నెలల్లో ఈతలు రాకుండా చూసుకోవాలంటే?
– ఖమ్మం జిల్లా

జవాబు: ఆవుకి చూడి కాలం దాదాపు 280 రోజులు. జులై మొదట్లో చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయిస్తే ఏప్రిల్ మొదటి వారంలో, ఆగస్టు చివర్లో వేయిస్తే జూన్ మొదటి వారంలో ఈనుతుంది. వానలు పడి చల్లబడగానే ఎండాకాలమంతా నిలవని చూలు జులై, ఆగస్టుల్లో నిలుస్తుంది కాబట్టే ఈతలు మండుటెండల్లో వస్తుంటాయి. రెండు నెలలు ఆపితే మేత ఖర్చు మీద పడుతుంది. అందుకని అన్నిటికీ ఆపొద్దు. 15 లీటర్లు దాటి ఇచ్చేవాటికి, కిందటి ఈతలో పాలజ్వరం వచ్చినవాటికి మాత్రం సెప్టెంబరు దాకా ఆగండి.