ఫాంటసీ మినియేచర్ బొమ్మలకు చేతులు, ఆయుధాలు విడిగా ఎందుకు చేస్తారు?

ముఖ్యంగా బొమ్మ రెండు భాగాల అచ్చులోంచి ఇరుక్కోకుండా బయటికి రావాలి కాబట్టి వాటిని విడిగా చేస్తారు.

28 మిల్లీమీటర్ల లోహపు బొమ్మకు మూలరూపాన్ని సంప్రదాయ పద్ధతిలో సన్నని తీగ మీద ఎపాక్సీ పుట్టీతో (కలిపాక గట్టిపడే ముద్దతో) మలుస్తారు. దాన్ని రెండు రబ్బరు బిళ్లల మధ్య నొక్కి, వేడిచేసి అచ్చు తీస్తారు. ఆ అచ్చును గిర్రున తిప్పుతూ తగరం కలిసిన లోహం పోస్తారు. బిళ్లలు విడదీసేటప్పుడు రబ్బరు నేరుగా పైకి లేవాలి. దారిలో వంపు అడ్డొస్తే రబ్బరు దాని కింద కొక్కెంలా పట్టేస్తుంది. దీన్నే అండర్‌కట్ అంటారు.

గొడ్డలిని ఛాతీకి అడ్డంగా పట్టుకున్న ఓర్క్‌నే (ఫాంటసీ కథల్లోని రాక్షసుడినే) తీసుకోండి. కర్రకూ ఛాతీకీ మధ్య బియ్యపుగింజంత సందు ఉందనుకుందాం. అందులోకి దూరిన రబ్బరు పోత పోతకూ కాస్త కాస్త చిరుగుతుంది, చివరికి ఆ చోటంతా లోహం నిండుతుంది. గడ్డపు వెంట్రుకలను కిందికి దించి సందు పూడ్చేయొచ్చు, లేదా చేతిని భుజం దగ్గర విడదీసి తర్వాత అతికించొచ్చు. కుదిరితే మొదటిదే మేలు, అతుకు కనబడదు.

లోతుగా చెక్కిందల్లా అండర్‌కట్ అని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కు లోతుతో కాదు, దిశతో. అచ్చు తెరుచుకునే వైపుకి ఉన్న దుస్తుల ముడత లోతుగా ఉన్నా సులువుగా వస్తుంది. పక్కకు తిరిగిన బెల్టు అంచు చిన్నదైనా పట్టేస్తుంది. రబ్బరు కాస్త సాగి సర్దుకుంటుంది గానీ, ప్లాస్టిక్ బొమ్మల ఉక్కు అచ్చు అసలు సాగదు. మైనపు నమూనాను కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోసే పంచలోహ విగ్రహాలకు ఈ బెడదే లేదు, అక్కడ మట్టి అచ్చును పగలగొట్టేస్తారు.