టెక్ సందేహాలు: లేఆఫ్ తర్వాత నిరుద్యోగ భృతికి అప్లై చేస్తున్నారా?

ఈసారి ప్రశ్నలన్నీ కాలిఫోర్నియాలో ఉద్యోగం పోయిన తెలుగువాళ్ల నుంచి వచ్చినవే. చాలామందిలో రెండు రకాల బెరుకు కనిపించింది. ప్రభుత్వం దగ్గర చెయ్యి చాపడమేమిటన్నది ఒకటి, రేపు గ్రీన్‌కార్డుకు అడ్డొస్తుందేమోనన్నది రెండోది. నిరుద్యోగ భృతి దానం కాదు, బీమా. మీరు పని చేసినన్నాళ్లూ మీ కంపెనీ దీనికి పన్ను కట్టింది. గ్రీన్‌కార్డు దగ్గర చూసే ‘పబ్లిక్ ఛార్జ్’ (ప్రభుత్వ సాయం మీదే ఆధారపడతారా అన్న) లెక్కలోకి ఈ భృతి రాదు. అర్హత ఉంటే ఉద్యోగం పోయిన వారంలోనే అప్లై చేయండి. క్లెయిమ్ అప్లై చేసిన వారం ఆదివారం నుంచి మొదలవుతుంది కాబట్టి ఆలస్యం చేస్తే ఆ వారాలు పోయినట్టే. పైగా మొదటి వారం ‘వెయిటింగ్ పీరియడ్’, దానికి డబ్బు రాదు.

హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వీసాదారు జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి కార్డు) మీద పనిచేస్తూ లేఆఫ్ అయ్యాను. ఈడీడీ (భృతి ఇచ్చే కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ) సైట్‌లో, మనం ఎవరో నిర్ధారించే ఐడీ డాట్ మీ వెరిఫికేషన్ సెల్ఫీ దగ్గర ఆగిపోతోంది. ఏలియన్ నంబర్ అడుగుతున్నారు, నా కార్డు మీద ఆ పేరుతో ఏమీ లేదు. (శాన్‌హోసె)

నంబర్ సంగతి తేలిక. ఈఏడీ కార్డు మీద ‘యూఎస్‌సీఐఎస్ నంబర్’ అని ఉంటుంది చూడండి, అదే. కార్డు గడువు తేదీ కూడా సరిచూసుకోండి. పని చేసే అనుమతి లేని వారాలకు భృతి రాదు.

సెల్ఫీ ఆగిపోవడానికి నాకు ఎక్కువగా కనిపించే కారణం, వాట్సాప్‌లోనో మెయిల్ యాప్‌లోనో వచ్చిన లింకును అక్కడే తెరవడం. ఆ యాప్ లోపలి బ్రౌజర్‌కు చాలాసార్లు కెమెరా అనుమతి ఉండదు. లింకును కాపీ చేసి సఫారీలోనో క్రోమ్‌లోనో తెరవండి, వీపీఎన్ (మీరున్న చోటును దాచే యాప్) ఆపేయండి. లైసెన్స్‌ను నల్లటి బల్ల మీద పెట్టి, ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుతురులో ఫొటో తీయండి. అయినా కుదరకపోతే వీడియో కాల్‌లో మనిషితో వెరిఫై చేయించుకునే దారి ఉంది.

మన పేర్లతో ఇంకో చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, మరోచోట ఒక్క అక్షరంగా, కొందరికి వీసా మీద అసలు పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని. ఈడీడీ అప్లికేషన్‌లో సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఉన్నది ఉన్నట్టే రాయండి, మిగతా రూపాలను ‘ఇతర పేర్లు’ గడిలో ఇవ్వండి. బ్రౌజర్ ఆటోఫిల్ పాత పేరు నింపేసిందేమో ఒకసారి చూసుకోండి. ఆఫీసు మెయిల్, ఆఫీసు ఫోన్ నంబర్ మాత్రం ఎక్కడా వాడొద్దు. అవి ఆగిపోయిన రోజున ఓటీపీ రాదు, మీ ఖాతాలోకి మీరే వెళ్లలేరు.

రోజుకు వంద ఉద్యోగాలకు తనే అప్లై చేసే ఏఐ ఎక్స్‌టెన్షన్ వాడుతున్నాను. జాబ్ సెర్చ్ కింద ఇది చాలదా? (ఫ్రీమాంట్)

నా సలహా, దాన్ని తీసేయండి. భృతి అందాలంటే రెండు వారాలకోసారి నింపే ఫారం, అంటే సర్టిఫికేషన్‌లో, ప్రతి వారానికీ ఆరు ప్రశ్నలుంటాయి. ఉద్యోగం వెతికారా అన్నది అందులో ఒకటి. వాళ్లు వివరాలు అడిగితే ఏ కంపెనీ, ఏ పని, ఏ తేదీన, ఎలా సంప్రదించారు, ఏమైందో మీరు చెప్పగలగాలి. బాట్ పంపిన వందలో ఎన్నింటి పేరు మీకు గుర్తుంటుంది? ఒక కంపెనీ నుంచి ఫోనొస్తే అది దేనికో తెలియక తడబడతారు. అది నిజంగా మీ ఉద్యోగావకాశాన్నే దెబ్బతీస్తుంది.

గూగుల్ షీట్ ఒకటి తెరవండి. తేదీ, కంపెనీ, పోస్టు, అప్లై చేసిన దారి, ఫలితం అనే ఐదు గడులు చాలు. జాబ్ పోస్టింగ్‌ను అప్పుడే పీడీఎఫ్‌గా సేవ్ చేయండి, ఎందుకంటే పోస్టు నిండగానే ఆ పేజీ మాయమైపోతుంది. జీమెయిల్‌లో ఒక లేబుల్ పెట్టి కంపెనీల జవాబులన్నీ అందులోకి వెళ్లేలా ఫిల్టర్ కట్టండి. అప్లై చేసిన రోజే రాయాలి, వారం తర్వాత కూర్చుంటే సగం గుర్తుండవు. ఈడీడీ వారం ఆదివారం మొదలై శనివారంతో ముగుస్తుంది, షీట్‌ను కూడా అలాగే విడగొట్టుకోండి.

ఈడీడీ వారి ఉద్యోగాల సైట్ కాల్‌జాబ్స్‌లో నమోదు చేసుకోమని నోటీసు వస్తే, అప్లై చేసిన 21 రోజుల్లోపు అక్కడ రెజ్యూమే పెట్టాలి. లింక్డ్‌ఇన్‌లో ఉంది కదా అని ఊరుకోవద్దు. టెక్సస్‌లో ఉన్నవాళ్లకు పద్ధతి వేరు. వారానికి కనీసం ఎన్ని ప్రయత్నాలు చేయాలన్నది అక్కడ కౌంటీని బట్టి ఉంటుంది.

సర్టిఫికేషన్‌లోని ఆరో ప్రశ్న దగ్గర చాలామంది పొరపడతారు. డబ్బు ముట్టినా ముట్టకపోయినా ఆ వారం పని చేశారా అని అడుగుతుంది. స్నేహితుడి స్టార్టప్‌కు రెండు రోజులు కోడ్ రాసి పెట్టి, డబ్బు వచ్చే నెల వస్తుందనుకుందాం. పని చేసిన వారం లెక్కలోనే చెప్పాలి, పన్నుకు ముందు మొత్తం చెప్పాలి. అలా చెప్తే భృతి మొత్తం ఆగిపోదు. సంపాదనలో 25 డాలర్లు లేదా నాలుగో వంతు, ఏది ఎక్కువైతే అది వదిలేసి మిగతాది భృతిలోంచి తగ్గిస్తారు.

చెల్లి పెళ్లికి రెండు వారాలు విజయవాడ వెళ్తున్నాను. వీపీఎన్ పెట్టుకుని అక్కడి నుంచి సర్టిఫై చేయవచ్చా? (ఇర్వైన్)

వద్దండీ. వీపీఎన్ పనిచేస్తుందా లేదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్నే కాదు. ఆ వారాల్లో ఉద్యోగం వస్తే వెంటనే చేరగలరా అని ఫారం అడుగుతుంది. విజయవాడలో పెళ్లి పనుల్లో ఉన్నవారు చేరలేరు. అబద్ధమని తేలితే తీసుకున్నది తిరిగి కట్టాలి, దానిపై 30 శాతం జరిమానా, 5 నుంచి 23 వారాల పాటు భృతి బంద్. కాలిఫోర్నియాలో వారానికి గరిష్ఠంగా వచ్చేదే 450 డాలర్లు. ఉన్నదున్నట్టు చెప్పి ఆ రెండు వారాలు వదులుకోండి. పెళ్లికి హాయిగా వెళ్లి రండి.

హెచ్1బీ వాళ్లకూ వస్తుందా? (శాన్ రామన్)

చాలావరకు రాదు. మీ వీసా స్పాన్సర్ చేసిన కంపెనీకే పరిమితం కాబట్టి మిమ్మల్ని వేరే పనికి సిద్ధంగా ఉన్నట్టు లెక్కించరు. ఉద్యోగం పోయాక అమెరికాలో ఉండనిచ్చే గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్‌ను కొత్త స్పాన్సర్‌ను వెతకడానికే వాడండి.

భృతి మీద పన్ను ఉంటుందా? (శాక్రమెంటో)

ఫెడరల్ పన్ను ఉంటుంది, కాలిఫోర్నియా పన్ను ఉండదు. ముందే 10 శాతం పట్టుకోమని ఎంచుకోవచ్చు. పన్ను దాఖలుకు కావలసిన 1099-జి ఫారం జనవరి చివరికల్లా మీ ఈడీడీ ఖాతాలోనే దొరుకుతుంది. అది పంపిస్తామంటూ ఎస్ఎంఎస్‌లో లింకు వస్తే నొక్కొద్దు, అడ్రసు మీరే టైప్ చేసి లాగిన్ అవ్వండి.