రాజ్ రెడ్డి గారు కంప్యూటర్ రంగంలో అసలు ఏం చేశారు?

ట్రిపుల్ ఐటీల పేరెత్తితే రాజ్ రెడ్డి గారి పేరూ వస్తుంది, కానీ ఆయన అసలు పని మాటలను గుర్తించే కంప్యూటర్ల మీద.

అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టారు. గిండీలో ఇంజనీరింగ్, ఆస్ట్రేలియాలో ఎంటెక్ చేసి, అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో, కృత్రిమ మేధకు ఆద్యుల్లో ఒకరైన జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. 1969 నుంచి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే.

అక్కడ చేసిన హియర్‌సే, అంటే మాటలను గుర్తించే ప్రోగ్రామ్, నాకు చాలా ఇష్టమైన ఆలోచన. మనం మాట వినేటప్పుడు చెవి ఒక్కటే పనిచేయదు కదా, సందర్భమూ వ్యాకరణమూ సాయపడతాయి. అలాగే ఇందులో శబ్దం తెలిసిన భాగం, పదాలు తెలిసిన భాగం, వాక్యం తెలిసిన భాగం తమ తమ ఊహలను ఒకే నల్లబల్ల మీద రాస్తాయి. ఒకదాని ఊహను ఇంకొకటి సరిదిద్దుతుంది. ఈ నల్లబల్ల పద్ధతిని తర్వాత వేరే రంగాల వాళ్లూ వాడుకున్నారు. అక్కడే తయారైన ఇలాంటి మరో ప్రోగ్రామ్, 1976 నాటి హార్పీకి సుమారు వెయ్యి పదాలు తెలుసు. ఇప్పటి ఫోన్‌తో పోలిస్తే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో అది పెద్ద విషయమే.

కార్నెగీ మెలన్‌లో 1979లో మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టర్ ఆయనే. కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డును 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో పంచుకున్నారు. 2001లో పద్మభూషణ్ వచ్చింది.

ఇక ట్రిపుల్ ఐటీల సంగతి. పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లలకు ఆరేళ్ల చదువు ఒకేచోట చెప్పేందుకు 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ఆర్‌జీయూకేటీకి (రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్, జనం ట్రిపుల్ ఐటీ అనేది దీన్నే) ఆయన ఛాన్సలర్‌గా పనిచేశారు.