పుట్టబోయే బిడ్డకి పాల సీసాలు, పంప్, స్టెరిలైజర్: అన్నీ ఇప్పుడే కొనేయాలా?

ప్రశ్న: సర్, నాకు ఏడో నెల. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, బిడ్డకి నాలుగో నెల వచ్చేసరికి నేను మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాలి. పాల సీసాలు ఎనిమిది ఉన్న సెట్టు, ఎలక్ట్రిక్ బ్రెస్ట్ పంప్, స్టెరిలైజర్, బాటిల్ వార్మర్, బ్రష్షులు, స్టాండు అన్నీ కలిపి ఆన్‌లైన్‌లో కార్ట్‌లో పెట్టాను, మొత్తం మా నెల ఖర్చులో దాదాపు సగం అవుతోంది. ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి తియ్యమంటారా, నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకోమంటారా? మా ఆయనేమో అవే వస్తువులు ఇంకో సెల్లర్ దగ్గర సగం ధరకే ఉన్నాయి అంటున్నారు. మా ఆడపడుచు తను వాడిన పంప్ ఇస్తానంటోంది, తీసుకోవచ్చా?

జవాబు: ఫండ్ ముట్టుకోవద్దు, ఈఎంఐ కూడా వద్దు. ఎందుకంటే ఈ కార్ట్‌లో ఉన్నదాంట్లో మీకు ఇప్పుడు కావాల్సింది చాలా తక్కువ.

మీరు పంపిన లిస్టు మొత్తం 100 అనుకుంటే పంప్ ఒక్కటే 45, స్టెరిలైజర్ 22, సీసాల సెట్టు 18, వార్మర్ 10, బ్రష్షులూ స్టాండూ కలిపి 5 వస్తున్నాయి. అందరూ ధర దగ్గరే ఆగిపోతారు, ఏది చౌక ఏది బ్రాండు అని, నేను మాత్రం ముందు చూసేది ఎప్పుడు కొంటున్నారు అనేది. పంప్‌కి వారంటీ ఏడాది ఉందనుకోండి, అది బిల్లు తేదీ నుంచి మొదలవుతుంది గానీ బిడ్డ పుట్టిన రోజు నుంచి కాదు కదా. ఇప్పుడు కొంటే డెలివరీకి రెండు నెలలు, ఆ తర్వాత మీరు ఆఫీసుకి వెళ్ళేదాకా ఇంకో మూడు నెలల పైనే, అంటే దాదాపు సగం వారంటీ అట్టపెట్టెలోనే అయిపోతుంది. రిటర్న్ గడువు సంగతి ఇంకా ఘోరం, అది ఎక్కువ చోట్ల రోజుల్లోనే ఉంటుంది, బిడ్డ ఆ సీసా నోట్లో పెట్టుకుని పట్టదని మొహం తిప్పేసేసరికి గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

బిడ్డ మొహం తిప్పుకోవడం అనేది నిజంగా జరిగే పనే, అందుకే ఎనిమిది సీసాల సెట్టు అంటే నాకు భయం. సీసా పీక (నిప్పిల్) ఆకారం, మెత్తదనం, పాలు వచ్చే వేగం ఒక్కో బ్రాండుకి ఒక్కోలా ఉంటాయి, ఏ బిడ్డకి ఏది పడుతుందో పుట్టకముందు ఎవరూ చెప్పలేరు, సెట్టు విప్పి ఒక్కటి వాడారంటే మిగతా ఏడూ వెనక్కి తీసుకోరు, శుభ్రతకి సంబంధించిన వస్తువులు కాబట్టి సీలు తీస్తే రిటర్న్ లేదని చాలా షాపులు ముందే రాసి పెడతాయి. కాబట్టి ఇప్పుడు చిన్న సైజువి, అంటే 120 నుంచి 150 మిల్లీలీటర్లవి రెండు, పాలు నెమ్మదిగా వచ్చే స్లో ఫ్లో పీకతో, ఒక బ్రష్. అంతే. 100లో 10 కూడా దాటదు. బిడ్డకి అది పడితే అదే బ్రాండులో ఇంకో రెండు తెచ్చుకోవచ్చు, పడకపోతే పోయేది రెండు సీసాల డబ్బే.

ఇంకో లెక్క ఎవరూ చెప్పరు. పీకలు సాగిపోయినా, జిగటగా అయినా, చీలినా, రంగు మారినా వెంటనే పారెయ్యాలి, బాగానే ఉన్నా రెండు మూడు నెలలకోసారి మార్చమనే ఎక్కువ కంపెనీలు చెప్తాయి. నాలుగు సీసాలు వాడకంలో ఉంటే ఏడాదికి 16 నుంచి 24 పీకలు. పైగా ఒక బ్రాండు పీక ఇంకో బ్రాండు సీసాకి సరిగ్గా కూర్చోదు, కూర్చున్నట్టే ఉంటుంది గానీ పక్కనుంచి కారుతుంది. ప్రింటర్ చౌకగా ఇచ్చి కార్ట్రిడ్జ్‌లో వసూలు చేసినట్టే ఇదీ. అందుకని సీసా ధర చూసే ముందు ఆ బ్రాండు పీకలు విడిగా దొరుకుతున్నాయా, రెండో నెలకీ ఆరో నెలకీ కావాల్సిన ఫ్లో సైజులు అన్నీ స్టాకులో ఉంటున్నాయా, జత ఎంత పడుతోంది అని చూడండి. పీకలు దొరకని సీసా ఎంత చౌకగా వచ్చినా దండగే.

మెటీరియల్ విషయంలో బీపీఏ (కొన్ని ప్లాస్టిక్‌ల తయారీలో వాడే రసాయనం) ఫ్రీ అని పెద్ద అక్షరాలతో రాసి ఎక్కువ ధర పెడితే ఆ ఒక్క మాట చూసి ఎక్కువ ఇవ్వకండి. పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ సీసాల్లో బీపీఏని యూరోపియన్ యూనియన్ 2011లోనే ఆపేసింది, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో ఆపింది, మంచి షాపుల్లో ఇప్పుడు దొరికే సీసాల్లో అది లేకపోవడం గొప్పేమీ కాదు. సీసా అడుగున త్రికోణంలో 5 ఉంటే పాలీప్రొపిలీన్, మామూలుగా దొరికేవి ఎక్కువ ఇవే. 7 ఉంటే మాత్రం కొంచెం ఆగండి, అది ఇతరాలు అని అర్థం, పాత పాలికార్బొనేటూ 7లోకే వస్తుంది, వేడిని బాగా తట్టుకునే ఖరీదైన పీపీఎస్‌యూ అనే ప్లాస్టిక్ కూడా 7లోకే వస్తుంది, కాబట్టి అంకె ఒక్కటే చూసి తేల్చుకోకుండా డబ్బా మీద మెటీరియల్ పేరు చదవండి, పేరు రాయకపోతే వదిలెయ్యండి. 2020లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పరిశోధకులు పాలీప్రొపిలీన్ సీసాల్లో వేడి నీళ్ళు పోసి గిలక్కొడితే లీటరుకి 1.6 కోట్ల దాకా మైక్రోప్లాస్టిక్ కణాలు వస్తున్నాయని లెక్క తేల్చారు, దానివల్ల బిడ్డ ఆరోగ్యానికి ఏమవుతుందన్నది ఆ లెక్కలో లేదు గానీ, మీకు అది మనసులో పీకుతుంటే వేడి తట్టుకునే బోరోసిలికేట్ గాజు సీసాలు రెండు తీసుకోండి, లేదా పాలు గాజు గిన్నెలో కలిపి చల్లారాక సీసాలో పొయ్యండి, రెండోదానికి ఖర్చే లేదు.

స్టెరిలైజర్, వార్మర్ రెండూ కలిపి 32. సీసా విడదీసి, సబ్బు నీళ్ళతో బ్రష్ పెట్టి కడిగి, పూర్తిగా మునిగేలా గిన్నెలో ఐదు నిమిషాలు మరిగిస్తే స్టెరిలైజర్ చేసే పనే అయిపోతుంది. రెండు సీసాలకి అది పెద్ద పని కాదు, రోజుకి ఎనిమిది సార్లు సీసా పట్టాల్సి వస్తే మాత్రం పెద్ద పనే, అప్పుడు కొనుక్కోండి, నేనేం అడ్డు చెప్పను, నిద్ర లేని వాళ్ళకి ఆ అరగంట విలువ ఎక్కువ. వార్మర్ మాత్రం అస్సలు అవసరం లేదు. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి సీసా నిలబెడితే చాలు. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టొద్దు, సీసా పైకి మామూలుగానే ఉంటుంది, లోపల ఒక్కో చోట పాలు నోరు కాలేంత వేడెక్కుతాయి.

ఇక పంప్. మీ ఆడపడుచుగారు ప్రేమగా ఇస్తానంటున్నారు, కానీ అది ఒక్కరే వాడేలా చేసిన పంప్ అయితే తీసుకోవద్దు, ఎఫ్‌డీఏ కూడా ఇదే చెప్తుంది. కొన్ని పంపుల్లో పాల తుంపర ట్యూబు దాటి మోటారులోకి వెళ్ళిపోతుంది, అక్కడ కడగలేం, కొత్త ట్యూబులు వేసినా లోపలిది లోపలే ఉంటుంది. ఆవిడ మనసు నొచ్చుకోకుండా ఉండాలంటే స్టెరిలైజర్ ఉంటే ఇమ్మనండి, గాజు సీసాలు పగుళ్ళు లేకుండా ఉంటే ఇమ్మనండి, పీకలు మాత్రం మీరు కొత్తవి వేసుకోండి.

కొత్తది కొనడానికి మీకు తొందర లేదు. ఆఫీసుకి వెళ్ళడానికి మూడు వారాల ముందు చేతిలో ఉంటే చాలు, వాడటం అలవాటవుతుంది, ఫ్లాంజ్ (పంప్‌లో రొమ్ముకి ఆనించే గరాటు లాంటి భాగం) సైజు కూడా అప్పటికే తెలుస్తుంది, అది ఒంటికి సరిపోకపోతే నొప్పి, పాలు కూడా సరిగ్గా రావు, ఈ సైజు ఇప్పుడు కొలిస్తే డెలివరీ తర్వాత మారొచ్చు కూడా. అంటే మీకు ఇంకా నాలుగు నెలల పైనే టైముంది, 45ని నాలుగుతో భాగిస్తే నెలకి 11 చిల్లర, అది విడిగా ఒక ఖాతాలో వేసుకుంటూ పోతే అప్పటికి క్యాష్‌తో కొనేస్తారు. బిడ్డ నెల తక్కువతో పుట్టినా, రొమ్ము సరిగ్గా పట్టుకోకపోయినా మొదటి వారంలోనే పంప్ కావాల్సి రావచ్చు, అప్పుడు హాస్పిటల్ గ్రేడ్ పంప్ అద్దెకి దొరుకుతుందేమో మీ డాక్టర్‌నో లాక్టేషన్ కన్సల్టెంట్‌నో (పాలివ్వడంలో సలహా ఇచ్చేవాళ్ళు) ఇప్పుడే అడిగి నంబరు రాసిపెట్టుకోండి. అవి ఎక్కువ మంది వాడేలా చేసినవి, పాలు తగిలే భాగాల కిట్ మాత్రం ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి.

మీ ఆయన చెప్పిన సగం ధర సెల్లర్ గురించి. పెద్ద వెబ్‌సైట్‌లో కనిపించినంత మాత్రాన ఆ వెబ్‌సైటే అమ్ముతున్నట్టు కాదు, ధర కింద చిన్న అక్షరాలతో అమ్మేది ఎవరో పేరు ఉంటుంది, దాన్ని నొక్కండి. ఆ పేరు బ్రాండు సొంత వెబ్‌సైట్‌లో ఇచ్చిన ఆథరైజ్డ్ సెల్లర్ల లిస్టులో ఉందా లేదా చూడండి, లేకపోతే ఎక్కువ బ్రాండులు వారంటీ ఇవ్వవు, అప్పుడు మీరు మిగుల్చుకున్న సగం నిజంగా మిగిలినట్టు కాదు, రిపేరు వస్తే కొత్తది కొనడమే. బిల్లు మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు వస్తాయా అని చాట్‌లో అడగండి, సూటిగా జవాబు చెప్పకుండా ఆఫర్ ఈ రాత్రితో అయిపోతుంది అంటే అక్కడికే అర్థమైపోవాలి. రివ్యూల్లో ఐదు స్టార్లవి వదిలేసి ఒక్క స్టారువి, అందులోనూ కొత్త తేదీలవి చదవండి, కొన్ని చోట్ల పాత ప్రొడక్ట్ రివ్యూలు కొత్తదానికి తగిలించేస్తారు, సీసా కింద ఫోన్ కవరు గురించి రాసి ఉంటుంది! డబ్బు ఎవరిదో సొంత ఖాతాకి పంపమంటే మాత్రం ఇంక మాట్లాడేదే లేదు.

నా దృష్టిలో నమ్మకమైన షాపు అంటే పెద్ద షోరూమ్ కాదు. ఒక్క సీసా అడిగినా విడిగా ఇవ్వాలి, స్పేర్ పీకలు ఎప్పుడూ ఉంచాలి, రిటర్న్ రూల్సు కొనకముందే కాగితం మీద కనిపించాలి, ఆర్డర్ పెడితే ఒకటి రెండు రోజుల్లో రావాలి. అలాంటి షాపు మీకుంటే ముందే పోగేసుకోవాల్సిన పనే లేదు, డబ్బు మీ దగ్గరే ఉంటుంది, అవసరం వచ్చినప్పుడే కదులుతుంది. అందుకోసం సీసాకి పది పన్నెండు శాతం ఎక్కువిచ్చినా నేను తప్పుపట్టను. పంప్‌కి అయితే ఇంకాస్త ఎక్కువిచ్చినా పర్లేదు.

నో కాస్ట్ ఈఎంఐ పేరులో నో కాస్ట్ ఉంటుంది గానీ చాలాసార్లు క్యాష్ డిస్కౌంట్ పోగొట్టుకోవడమే ఆ కాస్టు, పైన ప్రాసెసింగ్ ఫీజు. ఒకేసారి కడితే ఎంత, ఈఎంఐ అయితే మొత్తం ఎంత అని రెండు అంకెలు పక్కపక్కన రాసుకోండి. వస్తువు వెనక్కి పంపినా రీఫండ్ పడేదాకా వాయిదా కట్ అవుతూనే ఉండొచ్చు, డెలివరీ నెలలో ఆ ఫోన్ కాల్సు మీకెందుకు చెప్పండి.

ఎమర్జెన్సీ ఫండ్ ఎందుకు ముట్టుకోవద్దన్నానంటే సీసాల కోసం కాదు, డబ్బాపాల కోసం. తొలి ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వమని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది, కుదిరితే అంతకంటే మంచిదీ చౌకదీ లేదు, కానీ అందరికీ కుదరదు, కుదరకపోతే అది మీ తప్పూ కాదు. డాక్టర్ ఫార్ములా రాస్తే లెక్క ఎలా ఉంటుందో చూడండి: బిడ్డ బరువు కిలోకి రోజుకి 150 మిల్లీలీటర్లు అని మామూలుగా వేసుకునే లెక్క, 5 కిలోల బిడ్డకి రోజుకి 750, దానికి పొడి దాదాపు 100 గ్రాములు, నెలకి 3 కిలోలు. అంటే 400 గ్రాముల డబ్బాలు ఏడెనిమిది, ప్రతి నెలా. మీ ఊళ్ళో ఒక డబ్బా ధరని ఎనిమిదితో గుణించి చూసుకోండి, ఈ లిస్టంతా దాని ముందు ఎంతో మీకే తెలుస్తుంది. ఫండ్‌లో ఒక మూడు నెలలకి సరిపడా ఆ మొత్తం విడిగా గుర్తుపెట్టుకుని ఉంచండి. డబ్బాలు మాత్రం ముందే కొని పెట్టకండి, అవసరం పడుతుందో లేదో తెలియదు, పడినా ఏది వాడాలో డాక్టర్ చెప్పాలి, మూత తీశాక దాదాపు నెల లోపే వాడెయ్యాలి. బిడ్డ తాగగా మిగిలిన పాలు గంట దాటితే పారబొయ్యాల్సిందే, చిన్న సీసాలు కొనమన్నది అందుక్కూడా, పెద్ద సీసాలో చెయ్యి జారి ఎక్కువ కలుపుతాం, సగం సింకులోకి పోతుంది.

అన్నీ కార్ట్‌లో పెట్టాను అని రాశారు కాబట్టి ఈ రోజే ఎనిమిది సీసాల సెట్టు తీసేసి రెండు చిన్నవి పెట్టండి, బ్రష్ ఉంచండి, స్టాండు, వార్మర్ తీసెయ్యండి, పంప్‌నీ స్టెరిలైజర్‌నీ విష్‌లిస్టులోకి జరపండి. ఎవరైనా చుట్టాలు ఏం కావాలి అని అడిగితే మొహమాటపడకుండా ఆ విష్‌లిస్టే పంపండి, లేదంటే ఇంటికి నాలుగు వార్మర్లు వస్తాయి.