పాపకి హాస్పిటల్ ఆపరేషన్స్‌లో జాబ్ వచ్చింది, పంపాలా, ఎంబీఏ చేయించాలా?

అనంతపురం నుంచి ఒక తండ్రి అడిగినారు: పాప బీఎస్సీ మైక్రోబయాలజీ అయిపోయింది, హైదరాబాద్‌లో హెల్త్‌కేర్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్‌గా జాబ్ వచ్చింది, జీతం తక్కువ. దాని బదులు బెంగళూరులో ఎంబీఏ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ చేయిద్దామా, ఫీజుకి చేను తాకట్టు పెట్టాల్సొస్తుంది, రెండూ పోల్చి చెప్పండి అని.

అన్నా, ముందు ఆ చేను జోలికి పోవద్దండి.

ఆపరేషన్స్ అంటే ఆపరేషన్ థియేటర్ పని కాదు. ఓపీలో జనం ఆగిపోకుండా చూడటం, బెడ్ ఖాళీ చేయించడం, బిల్లింగు, ఇన్సూరెన్స్ కాగితాలు, డిశ్చార్జి. డాక్టర్ పొద్దున్నే ఇంటికి పోవచ్చు అంటాడు, కానీ సమ్మరీ టైప్ కావాలి, మిగిలిన మందులు ఫార్మసీకి వాపస్ పోవాలి, ఫైనల్ అప్రూవల్ రావాలి, అంతలో సాయంత్రమైపోతుంది, తిట్లన్నీ కౌంటర్ దగ్గరున్న పిల్లకే. క్యాష్‌లెస్ అయితే, అంటే బిల్లు ఇన్సూరెన్స్ వాళ్లే నేరుగా హాస్పిటల్‌కి కట్టేదైతే, హాస్పిటల్ డిశ్చార్జి రిక్వెస్ట్ పంపిన 3 గంటల్లోపు వాళ్లు తేల్చాలని 2024లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ రూల్ పెట్టింది, ఆ రిక్వెస్ట్ తొందరగా, తప్పుల్లేకుండా పోయేలా చూసేది ఈ ఉద్యోగమే. ఈ పని మనకి కొత్తేం కాదు, 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి, అప్పట్నుంచీ హాస్పిటల్లో ఆ కాగితాలు చూసే ఆరోగ్యమిత్రలని చూస్తానే ఉన్నాం కదా.

ఇంగ ఎంబీఏ. దీని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. డిగ్రీ అవుతానే నేరుగా చేరిన పిల్లలు నా దగ్గరికి చాలామంది వచ్చినారు, రెండేళ్లు చదివి లక్షలు కట్టి చివరికి చేరింది మీ పాపకి ఇప్పుడు చేతికొచ్చిన పోస్టులాంటిదాంట్లోనే. వార్డు మొహం చూడకుండా బెడ్ మేనేజ్‌మెంట్ పాఠం వింటే ఏం ఎక్కుతుంది చెప్పండి? అదే రెండేళ్లు పనిచేసి పోతే తనకేం కావాలో తెలుసుకుని పోతుంది, అప్పుడు హైదరాబాద్ నిమ్స్, ముంబై టిస్ లాంటి చోట్ల హాస్పిటల్ మేనేజ్‌మెంట్ పీజీకి ట్రై చేయొచ్చు. మెడికల్ సూపరింటెండెంట్ కుర్చీ మామూలుగా డాక్టర్లదే, అది ఆశ పెట్టుకోవద్దు, కానీ ఆపరేషన్స్ మేనేజరు, క్వాలిటీ, యూనిట్ హెడ్ దాకా దారి ఉంది.

ఒక మాట గట్టిగానే అంటా, ఏమనుకోవద్దు. ఇంత పెద్ద మెసేజ్‌లో చుట్టాలకి ఏమని చెప్పుకోవాలి అని రెండుసార్లు రాసినారు, పాప ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఇంటర్వ్యూకి పోయి జాబ్ తెచ్చుకున్నది ఆ పిల్ల. కౌంటర్ పని అని మీరే చిన్నచూపు చూస్తే తను ఎవరికి చెప్పుకుంటుంది? భయం నాకు అర్థమవుతుంది, ఆడపిల్ల, దూరం ఊరు. మొదటి ఆరు నెలలు కష్టమే, ఏడుస్తూ ఫోన్ కూడా చేస్తుంది, అప్పుడు వచ్చేయ్ అనకుండా మాట్లాడండి చాలు, కుదురుకుంటారు పిల్లలు, చాలామందిని చూసినా.

చేరేముందు ఒకటి మాత్రం కనుక్కోండి, జాబ్ హాస్పిటల్ బిల్డింగ్‌లోనా ఆఫీసులోనా అని. ఇదే పేరుతో అమెరికా హాస్పిటళ్ల బిల్లులు చూసే కంపెనీలు కూడా తీసుకుంటాయి, అది ఎక్కువగా నైట్ షిఫ్ట్, వేరే లైను. షిఫ్టులు, హాస్టల్, మధ్యలో మానేయకూడదనే బాండ్ ఉందా లేదా, ఇవి ఆఫర్ లెటర్ ముందు పెట్టుకుని పాపతోనే నాకు ఫోన్ చేయించండి.