బడి పిల్లలకు గోల్ఫ్: గుంత దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

మీ ఎనిమిదో తరగతికి గోల్ఫ్ పరిచయం చేయబోతున్నావని తెలిసి సంతోషం. కర్రల సంగతి తర్వాత. ముందు ఒక్కటి గుర్తుపెట్టుకో: పెద్ద షాట్‌తో మొదలుపెట్టకు, గుంత దగ్గర మొదలుపెట్టు.

పిల్లలంతా బంతిని ఆకాశానికి లేపాలని చూస్తారు. చాలామందికి బంతే తగలదు, తగిలినవాడిది పక్కవాడి మీదకి పోతుంది. అదే మీటరు దూరం నుంచి దొర్లించమను, మొదటి పీరియడ్‌లోనే మొహాలు వెలుగుతాయి. బంతిని ఒకసారి కొడితే ఒక స్ట్రోక్, ఎంత తక్కువ స్ట్రోకులైతే అంత మేలు. మీటరు దొర్లించినా, రెండొందల మీటర్లు కొట్టినా లెక్కలో ఒక్క స్ట్రోకే. నమ్మకపోతే మన గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ సంగతి చెప్పు. దూరం కొట్టడంలో వెనకబడ్డా పుటింగ్ (బంతిని గుంతలోకి దొర్లించడం) బలంతో టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వచ్చింది. పతకం ఒకే ఒక్క స్ట్రోక్ తేడాతో పోయింది.

గుంత తవ్వక్కర్లేదు. అసలు గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు. వృత్తలేఖినిలో అందులో సగం, 54 మిల్లీమీటర్లు తీసుకుని అట్ట మీద వాళ్లనే గీసి కత్తిరించమను. అసలు బంతి ఒకటి చేతికివ్వు. దాని వెడల్పు 43 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. రెండు బంతులు పక్కపక్కన పెట్టినా అట్ట మీద ఇంకా చోటుందని వాళ్లే కనిపెడతారు. ఆ అట్ట చుట్టూ సుద్దతో గీసి తీసేస్తే అదే గుంత. బంతి దాని మీదుగా దొర్లినా పడ్డట్టే లెక్క.

ఆడటానికి మాత్రం పాత టెన్నిస్ బంతులే వాడు. మన మట్టి నేల మీద గోల్ఫ్ బంతి ఆగదు, తగిలితే బొప్పి కడుతుంది కూడా. పిల్లల ప్లాస్టిక్ సెట్లు దొరక్కపోతే హాకీ కర్రలతో కానివ్వు. ఎడమచేతివాటం వాళ్లకి హాకీ కర్ర కుదరదు, వాళ్లకోసం రెండువైపులా చదునుగా ఉండే పుటర్ (బంతిని దొర్లించే గోల్ఫ్ కర్ర) ఒకటి చూడు.

క్రికెట్ ఆడే పిల్లలకి చేతులు వాటంగానే పడతాయి. వాళ్లతో తంటా అంతా కాళ్లది. అలవాటుగా ముందుకు అడుగేసేస్తారు, బంతి ఎటు పోయిందోనని తల ఎత్తేస్తారు. బంతి కింద సుద్దతో ఒక అంకె రాయి, కొట్టాక ఆ అంకె ఏమిటో అడుగు. తల దానంతటదే దిగుతుంది.

నలభైమందిని లైన్లో నిలబెట్టావో, పీరియడ్ అల్లరితోనే అయిపోతుంది. ముగ్గురేసి జట్లు చెయ్: ఒకరు కొడితే, ఒకరు బంతి అందిస్తారు, ఒకరు స్కోరు రాస్తారు. స్ట్రోకులు ఎవరివి వాళ్లే లెక్కపెట్టి చెప్పాలి, అసలు ఆటలోనూ అంతే. కొట్టడం అంతా ఒకే దిక్కుకి. విజిల్ పడేదాకా గీత దాటి బంతి కోసం ఎవరూ కదలకూడదు. ఈ విషయంలో మొహమాటపడకు, కర్ర తగిలితే పళ్లు రాలతాయి.

ఇవి కుదిరాక రింగులు పరిచి, బంతిని కొద్దిగా లేపి అందులో పడేయమను. కర్రని పూర్తిగా ఊపి కొట్టే నిండు స్వింగ్ వచ్చే ఏడు చూసుకోవచ్చు.

విశాఖలోనే ఉన్నావు కాబట్టి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కి హెడ్‌మాస్టర్ గారి చేత ఉత్తరం రాయించి, ఒక ఉదయం చూడటానికి అనుమతి అడుగు. గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, పరిగెత్తొద్దని మాత్రం బస్సులోనే చెప్పేయ్.

మీ అన్నయ్య