అభిరుచికి ఏడాది ప్రణాళిక ఉంది, అత్యవసర నిధి ఏది?

ప్రశ్న: నాకు 31 ఏళ్ళు. ఇంకా పెళ్ళి కాలేదు. బెంగళూరు కుందలహళ్ళిలో అద్దెకు ఉంటూ ఒక ఐటీ సంస్థలో టెస్ట్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. చేతికి వచ్చే జీతం 92,000 రూపాయలు. అద్దె, మెయింటెనెన్స్ కలిపి 27,000, నెల్లూరులో ఉన్న అమ్మానాన్నలకు 15,000, ఇతర ఇంటి ఖర్చులకు 23,000, సిప్‌లకు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడి) 10,000 పోతాయి. మినియేచర్ వార్‌గేమింగ్, అంటే చిన్న సైనిక బొమ్మలకు రంగులు వేసి వాటితో బల్ల మీద యుద్ధపు ఆట ఆడటం, నా అభిరుచి, దానికి నెలకు 6,000 అవుతుంది. జనవరి నుంచి డిసెంబరు వరకు ఒక ప్రణాళిక వేసుకున్నాను. వార్‌హామర్ 40,000 అనే ఆటలో 2,000 పాయింట్ల (పాయింట్లంటే బొమ్మల దళాలకు ఆటలో ఇచ్చే విలువ) కొత్త సైన్యం, ఆడుకోవడానికి శిథిల భవనాలతో ఒక బల్ల, ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం), దాని కంప్రెసర్, రెజిన్ ప్రింటర్ (ద్రవ రెజిన్‌తో బొమ్మలు తయారుచేసే త్రీడీ యంత్రం), అన్నీ కలిపి 1,85,000 రూపాయలు. ఇందులో బ్రిటన్ నుంచి తెప్పించుకునే పెట్టెల ధరను పౌండ్ల నుంచి రూపాయల్లోకి మార్చి వేశాను, ప్రింటర్‌కు యంత్రం ధర వేశాను. బ్యాంకు 16 శాతం వడ్డీతో 24 నెలలకు 2 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. ఆరో నెల నుంచి ఇతరుల బొమ్మలకు ఒక్కోదానికి 500 చొప్పున రంగులు వేసి నెలకు 8,000 సంపాదించాలని, చాలకపోతే సిప్ ఆపి కిస్తీ కట్టాలని అనుకుంటున్నాను. కార్డుపై 64,000 బాకీ ఉంది, నెలకు 3,500 కడుతున్నాను. సేవింగ్స్ ఖాతాలో 48,000 ఉన్నాయి. కార్డు పరిమితి 3 లక్షలు, ఇంటి అడ్వాన్సు 1,50,000 ఉన్నాయి కాబట్టి అత్యవసర నిధి వేరుగా అక్కర్లేదనుకుంటున్నాను. ఇప్పటికే కొన్న బొమ్మల్లో 140 రంగులు వేయకుండా ఉన్నాయి. నిరుడు 22 పూర్తి చేశాను. నా ప్రణాళిక సరైనదేనా?

సమాధానం: ఈ అప్పు తీసుకోకండి. కార్డు పరిమితినీ ఇంటి అడ్వాన్సునూ అత్యవసర నిధిగా లెక్కవేసుకునే ఉత్తరాలు ఐటీ ఉద్యోగుల నుంచి నాకు తరచుగా వస్తుంటాయి. కెమెరా కోసం రాసేవారూ, బైకు కోసం రాసేవారూ ఇదే పొరపాటు చేస్తున్నారు. మీరు అంకెలన్నీ దాచకుండా రాశారు కాబట్టి, మీలాంటి మరికొందరికి కూడా ఉపయోగపడుతుందని వివరంగా సమాధానం ఇస్తున్నాను.

ముందుగా కార్డు పరిమితి సంగతి. అది మీ డబ్బు కాదు, బ్యాంకు తనకు ఇష్టమైనంత కాలం ఇచ్చే వెసులుబాటు మాత్రమే. ఉద్యోగ మార్కెట్ బాగాలేనప్పుడు బ్యాంకులు కూడా జాగ్రత్తపడతాయి. 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు పర్సనల్ లోన్లు, కార్డు బకాయిల వంటి హామీ లేని రుణాలపై రిస్క్ వెయిట్‌ను, అంటే ఆ రుణాలకు బ్యాంకు ఎంత మూలధనం పక్కన పెట్టాలో నిర్ణయించే కొలమానాన్ని, పెంచింది, అలాంటప్పుడు ఇటువంటి రుణాలు ఇవ్వడం బ్యాంకులకు మరింత భారమవుతుంది. మీకు ఉద్యోగం పోయిన నెలలోనే మీ పరిమితి కూడా తగ్గే అవకాశం ఉంది. తగ్గకపోయినా, జీతం లేని నెలల్లో అద్దె, తిండి ఖర్చులు కార్డుపై పెడితే ఆ బాకీ ఎంత వేగంగా పెరుగుతుందో మీ 64,000 బాకీయే చెబుతోంది. కచ్చితమైన రేటు మీ స్టేట్‌మెంటులో ఉంటుంది. నెలకు 3.6 శాతం అనుకుంటే వడ్డీ 2,304 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్‌టీ 415 రూపాయలు. అంటే మీరు కట్టే 3,500లో 2,719 రూపాయలు వడ్డీకీ పన్నుకూ పోయి, అసలు తగ్గేది 781 రూపాయలే. పైగా పాత బాకీ పూర్తిగా తీరనంత వరకు కొత్త కొనుగోళ్ళకు వడ్డీలేని గడువు వర్తించదు. ఈ నెల కార్డుతో కొన్న రంగుల సీసాకు కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం మించకూడదన్న 2008 నాటి జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది కాబట్టి, ఆ వైపు నుంచి ఊరట వస్తుందని ఆశించనక్కర్లేదు.

ఇంటి అడ్వాన్సు సంగతి మీ ఊళ్ళో ఉన్నవారందరికీ తెలిసిందే. అది ఇల్లు ఖాళీ చేసిన తర్వాతే చేతికి వస్తుంది, అదీ పెయింటింగ్ కింద సాధారణంగా ఒక నెల అద్దె, మరమ్మతులకు ఇంకొంత కోసుకున్న తర్వాత. ఖాళీ చేసిన మర్నాడే మరో ఇంటికి అడ్వాన్సు కట్టాలి. కష్టకాలంలో వాడుకోలేని డబ్బును అత్యవసర నిధి అనకూడదు.

మీకు నిజంగా కావలసిన మొత్తం ఎంతో చూద్దాం. అద్దె, తల్లిదండ్రులకు పంపేది, ఇంటి ఖర్చులు కలిపి నెలకు 65,000. మీ జీతం ఒక్కటే ఆధారం, నెల్లూరులో ఇద్దరు పెద్దవాళ్ళు మీ మీద ఆధారపడి ఉన్నారు, మీ రంగంలో ఒక ఉద్యోగం పోయాక మరొకటి దొరకడానికి నెలలు పడుతోంది. ఈ మూడు కారణాల వల్ల ఆరు నెలల ఖర్చు, అంటే 3,90,000 రూపాయలు, మీ దగ్గర ఉండి తీరాలి. ఇప్పుడున్న 48,000 సుమారు ఇరవై రెండు రోజులకు సరిపోతుంది. ఇరవై రెండు రోజుల నిల్వతో ఉన్న మనిషి రెండేళ్ళ కిస్తీకి సంతకం చేయడం నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోలేను.

ఆ కిస్తీ నెలకు 9,793 రూపాయలు వస్తుంది. ప్రాసెసింగ్ రుసుము కాక మీరు తిరిగి కట్టేది 2,35,000 పైచిలుకు. మీ లెక్క ప్రకారం నెలాఖరుకు మిగలవలసింది 7,500 కాబట్టి మొదటి నెల నుంచే సిప్ ఆపాల్సి వస్తుంది, ఆ సంగతి మీరూ ఊహించారు. రంగులు వేసి సంపాదించే ఆలోచన గురించి మీరిచ్చిన అంకెలతోనే మాట్లాడతాను. నెలకు 8,000 రావాలంటే పదహారు బొమ్మలు పూర్తి చేయాలి. నిరుడు ఏడాది మొత్తంలో మీరు చేసినవి 22. ఉద్యోగం చేస్తూ, సొంత సైన్యానికి కూడా రంగులు వేసుకుంటూ, ఆ వేగాన్ని ఎనిమిది రెట్లకు పైగా పెంచగలనన్న నమ్మకం మీద అప్పు చేయకూడదు. మీ చేతి పని బాగుంటే అడిగినవారికి ఒకటో రెండో తప్పక చేసి ఇవ్వండి. వచ్చిన డబ్బు రంగులకు వాడుకోండి, పన్ను రిటర్నులో ఆ ఆదాయం చూపండి. కిస్తీకి మాత్రం దాన్ని ఆధారం చేసుకోకండి.

మీ ప్రణాళికలో ఇంకో రెండు ఖర్చులు కనిపించలేదు. నేరుగా బ్రిటన్ నుంచి తెప్పించుకునే పెట్టెల ధరను మీరు పౌండ్ల నుంచి రూపాయల్లోకి మార్చి ఊరుకున్నారు. బొమ్మలపై కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. మీ పార్సిల్‌ను ఆ పద్దులో వేస్తే దాని మీద జీఎస్‌టీ, కొరియర్ రుసుము, కార్డు విదేశీ లావాదేవీ రుసుము చేరి లెక్క తలకిందులవుతుంది. రెజిన్ ప్రింటర్‌కు యంత్రం ధర ఒక్కటే రాశారు. రెజిన్, కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గట్టిపరచడానికి యూవీ దీపం, నైట్రైల్ చేతి తొడుగులు, గాలి బాగా ఆడే విడి గది కూడా కావాలి. పడుకునే గదిలోనూ వంటింటి సింకు దగ్గరా చేయదగిన పని కాదది. ఈ ఏడాదికి ప్రింటర్‌ను పూర్తిగా పక్కన పెట్టండి.

అభిరుచిని మానుకోమని నేను అనడం లేదు. రోజంతా తెర ముందు కూర్చునే మనిషి సాయంత్రం కుంచె పట్టుకుని కూర్చోవడం మంచి అలవాటు, దానికి నెలవారీ కేటాయింపు ఉండి తీరాలి. అయితే మీకు ప్రస్తుతం తక్కువగా ఉన్నది సమయం. బొమ్మలు సరిపడా ఉన్నాయి. నిరుటి వేగంతో ఆ 140 పూర్తి కావడానికి ఆరేళ్ళు దాటుతుంది. ఈ ఆట నియమావళి 2017, 2020, 2023 సంవత్సరాల్లో కొత్త కూర్పులతో వచ్చింది. యూనిట్ల పాయింట్లు మధ్యలోనూ మారుతుంటాయి. ఇవాళ 2,000 పాయింట్లకు సరిపడేలా కొన్న సైన్యానికి రంగులు పూర్తయ్యేలోగా ఆ లెక్కే మారిపోవచ్చు, అప్పు మాత్రం మారదు. అందుకని ఏడాది ప్రణాళికను ఇంట్లో ఉన్న పెట్టెల నుంచే వేయండి. జనవరి, ఫిబ్రవరిలో అన్నీ బయటపెట్టి ఎప్పటికీ వేయరని తెలిసినవి, ముఖ్యంగా స్ప్రూ (విడి భాగాలు అతికి వచ్చే ప్లాస్టిక్ చట్రం) కత్తిరించనివి, తోటి ఆటగాళ్ళకు అమ్మేయండి. మిగిలినవాటిలో ఒకే సైన్యానికి చెందిన ముప్ఫై బొమ్మలు ఎంచుకోండి. బెంగళూరులో వాన మొదలైతే గాలిలో తేమ వల్ల స్ప్రే ప్రైమర్ (రంగు పట్టేలా ముందుగా చిమ్మే పూత) పొడిపొడిగా గరుకుదేరుతుంది కాబట్టి మార్చి, ఏప్రిల్‌లోనే ఆ ముప్ఫైకీ ప్రైమర్ వేసేసి, వానాకాలమంతా ఇంట్లో కూర్చుని బేస్ కోట్, వాష్, డ్రై బ్రష్ వంటి రంగులు వేసే పనులు చేసుకోవచ్చు. నెలకు మూడు చొప్పున పది నెలలకు ముప్ఫై పూర్తవుతాయి, అదే మీ నిరుటి లెక్క కంటే ఎక్కువ. ఆడాలనిపిస్తే పది పన్నెండు బొమ్మలతో ముగిసే కిల్ టీమ్ అనే చిన్న ఆట ఉంది, ఏ సంస్థ బొమ్మలతోనైనా ఆడుకోనిచ్చే వన్ పేజ్ రూల్స్ ప్రాథమిక నియమాలు ఉచితంగానే దొరుకుతాయి. శిథిల భవనాలకు ప్యాకింగ్ థర్మాకోల్, అట్ట, ఇసుక, ఫెవికాల్ చాలు. ఎయిర్‌బ్రష్ లేకుండా ఈ ముప్ఫై బొమ్మలూ చక్కగా పూర్తి చేయవచ్చు.

ఇక డబ్బు. సేవింగ్స్ ఖాతాలోంచి 20,000 తీసి ఈ రోజే కార్డుకు కట్టండి, 28,000 అలాగే ఉంచండి. సిప్‌ను తాత్కాలికంగా ఆపండి. నలభై శాతం పైగా వడ్డీ కడుతూ ఫండ్లలో పెట్టుబడి పెట్టడంలో అర్థం లేదు. అభిరుచి ఖర్చును రెండు నెలలపాటు 3,000కు తగ్గించుకుంటే కార్డుకు నెలకు 24,000 కట్టగలరు, ఫిబ్రవరితో బాకీ తీరిపోతుంది. రెండు నెలల్లో తీరే బాకీ కోసం పర్సనల్ లోన్‌తో మార్పిడి కూడా అక్కర్లేదు. ఆ రెండు నెలలూ కార్డును ఇంట్లో పెట్టేసి యూపీఐతోనే గడపండి, తర్వాత ప్రతి నెలా మొత్తం బిల్లు ఆటో డెబిట్‌తో పోయేలా పెట్టండి. మార్చి నుంచి అభిరుచికి 4,000 ఇవ్వండి. మిగిలే 23,000 జీతం పడిన మర్నాడే అత్యవసర నిధికి వెళ్ళాలి. డిసెంబరుకు ఆ మొత్తం 28,000తో కలిపి 2,58,000 అవుతుంది, అంటే సుమారు నాలుగు నెలల ఖర్చు. ఏడాది మధ్యలో బోనస్ వస్తే మొత్తం ఇక్కడికే రావాలి, బొమ్మలు అమ్మిన డబ్బు కూడా. రెండు నెలల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో, మిగతాది అదే బ్యాంకులోనో మరో బ్యాంకులోనో ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా ఉంచండి. ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. లిక్విడ్ ఫండ్ (త్వరగా డబ్బు వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) అయినా ఫరవాలేదు. బంగారం, షేర్లు ఈ పనికి పనికిరావు.

బీమా గురించి మీరు ఏమీ రాయలేదు, అది నన్ను కలవరపెడుతోంది. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. మీకు సొంతంగా ఒక పాలసీ, మీ తల్లిదండ్రులకు విడిగా మరొకటి ఈ ఏడాదే తీసుకోండి. అప్పటికే ఉన్న జబ్బులకు వేచి ఉండే కాలాన్ని 2024లో గరిష్ఠంగా మూడేళ్ళకు తగ్గించారు, ఆ మూడేళ్ళ లెక్క పాలసీ తీసుకున్న రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి ఆలస్యం చేసిన కొద్దీ నష్టం వారికే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియాలపై జీఎస్‌టీ కూడా లేదు. తల్లిదండ్రులు మీ మీద ఆధారపడి ఉన్నారు కనుక కోటి రూపాయల టర్మ్ పాలసీ (గడువులోగా మరణిస్తే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) కూడా తీసుకోండి. ఈ ప్రీమియాల వల్ల అత్యవసర నిధి ఒకటి రెండు నెలలు ఆలస్యమైనా ఫరవాలేదు.

నిధి 3,90,000 చేరిన నెలలో ముందుగా 10,000 సిప్ మళ్ళీ మొదలుపెట్టి, ఆ తర్వాత అభిరుచి కేటాయింపును 6,000కు పెంచుకోండి. అప్పటికీ ఎయిర్‌బ్రష్ కావాలనిపిస్తే, దానికోసం నాలుగైదు నెలలు విడిగా కూడబెట్టి రొక్కంతో కొనండి. ఈలోగా బ్యాంకు యాప్‌లో కనిపిస్తున్న ఆ లోన్ ఆఫర్‌ను తిరస్కరించి, అటువంటి ఫోన్లూ సందేశాలూ ఇకపై పంపవద్దని బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయండి.